చిన్న విమానమున పాత ముళ్ళు, కొత్త తెరలు

1954వ సంవత్సరమున అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు ఒక పరీక్ష జరిపిరి. తేటయైన ఆకాశమున చిన్న విమానమును చక్కగా నడుపగలిగినను, మేఘములలో పరికరములను మాత్రమే చూచి నడుపు విద్యను అభ్యసింపని ఇరువదిమంది చోదకులను ఎంచుకొనిరి. ఒక్కొక్కరి ప్రక్కన శిక్షకుని కూర్చుండబెట్టి, వెలుపలి దృశ్యము కనబడకుండ చేసి, విమానమును నడుపుమనిరి. ఇరువదిమందిలో ఒక్కరైనను దానిని అదుపులో ఉంచుకొనలేకపోయిరి. పందొమ్మిదిమంది చేతిలో విమానము ఒక ప్రక్కకు ఒరిగి, సుడి తిరుగుచు క్రిందికి దిగసాగెను. ఒకని చేతిలో ముక్కు పైకెత్తి వేగము కోల్పోయెను. అదుపు తప్పుటకు ఒకనికి 20 సెకండ్లు పట్టినది. మరియొకనికి 8 నిమిషములు పట్టినది. సగటు లెక్క వేయగా 178 సెకండ్లు తేలెను. అనగా మూడు నిమిషములకు రెండు సెకండ్లు తక్కువ. ప్రక్కన శిక్షకుడు లేనిచో ఆ ఇరువదిమందియు ప్రాణములతో దిగియుండెడివారు కారు.

ఇది వారి చేతకానితనము కాదు. మానవుని చెవిలోనే ఈ మోసము కలదు. ఇద్దరు బాలికలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరిగి ఒక్కసారిగా ఆగినచో, ఇల్లంతయు ఇంకను తిరుగుచున్నట్లే వారికి తోచును. లోపలి చెవిలో అర్ధవలయాకారము గల మూడు సన్నని గొట్టములు కలవు. వానిలోని ద్రవపు కదలికను బట్టి తల తిరుగుచున్నదో లేదో మెదడు గ్రహించును. అయితే ఆ ద్రవము తిరుగుడు మొదలగుటను, ఆగుటను పసిగట్టగలదు గాని, ఒకే తీరున చాలసేపు సాగు తిరుగుడును గుర్తింపలేదు. మేఘములో విమానము మెల్లగా ఎడమకు ఒరిగి తిరుగుచుండగా, కొంతసేపటికి చోదకునకు తాను తిన్నగా పోవుచున్నట్లే యుండును. ఆ సమయమున విమానమును నిజముగా తిన్నచేసినచో, కుడికి ఒరిగితినని భ్రమపడి మరల ఎడమకే త్రిప్పుకొనును. ఇంతలో ముక్కు వంగి ఎత్తు తగ్గును. ఎత్తు తగ్గుట చూచి అతడు ముక్కును పైకి లాగును. ఒరిగియున్న విమానమును ఎంత లాగినను మలుపు బిగియునే గాని ఎత్తు పెరుగదు.

ఈ భ్రమకు విరుగుడు చోదకుని ఎదుట గల పరికరముల ఫలకము. గడియారములవలె ముళ్ళు తిరుగు ఆ పాత ఫలకమును తొలగించి, దాని స్థానమున కంప్యూటరు తెరలను అమర్చు పని నేడు చిన్న విమానముల యజమానులలో విస్తారముగా సాగుచున్నది. విమానములలోని ఎలక్ట్రానిక్ పరికరములకు ఏవియానిక్సు అని పేరు. చూచుటకు ఇది పాత రేడియో పెట్టెను ఇచ్చి కొత్తది తెచ్చుకొన్నట్లు కనబడును. కాని రేడియో చెడిపోయినచో ఆ రాత్రి పాట వినబడదు, అంతియే. విమాన ఫలకము సంగతి అట్టిది కాదు.

మొదట పాత ఫలకమును చూతము. 1929 సెప్టెంబరు 24వ తేదీన న్యూయార్కు సమీపమునందలి మిచెల్ ఫీల్డులో జేమ్స్ డూలిటిల్ అను సైనిక చోదకుడు తన కూర్చుండు చోటును పూర్తిగా ముసుగుతో కప్పించుకొని విమానమును పైకి లేపి, చుట్టు తిరిగి వచ్చి, మరల దిగెను. ముందు సీటులో మరియొక చోదకుడు జాగ్రత్తకై కూర్చుండెనే గాని, అతడు చేయి కలుపవలసిన అవసరము రాలేదు. డూలిటిల్‌కు దారి చూపినవి నేలనుండి వచ్చు రేడియో సంకేతములు, పాల్ కోల్స్‌మన్ నిర్మించిన ఎత్తుమాపకము, ఎల్మర్ స్పెర్రీ సంస్థ నిర్మించిన గైరోస్కోపు పరికరములు. ఆనాటి ఈ సామగ్రియే కొద్దిపాటి మార్పులతో డెబ్బది ఏండ్లకు పైగా చిన్న విమానముల ఎదుట నిలిచెను.

ఉదాహరణకు సెస్నా 172 ను తీసికొందము. రెక్క పైన, ఇంజను ముందు, లోపల నలుగురికి చోటు గల విమానమిది. 1956లో కొనువారి చేతికి వచ్చుట మొదలై, నడుమ 1986 నుండి పదేండ్లపాటు తయారీ ఆగి, మరల కొనసాగి, ఇంతవరకు 44,000కు పైగా తయారైనవి. ఇన్ని తయారైన విమానపు రకము లోకమున మరియొకటి లేదు. నలువది, ఏబది ఏండ్ల వయస్సు గల సెస్నాలు నేటికిని ఎగురుచున్నవి; ఫలకములు మారునదియు ముఖ్యముగా వానికే. పాత సెస్నా చోదకుని ఎదుట ఆరు గుండ్రని పరికరములు రెండు వరుసలుగా నుండును. పై వరుసలో వేగమాపకము, కృత్రిమ క్షితిజము, ఎత్తుమాపకము. క్రింది వరుసలో మలుపును తెలుపునది, దిక్కును తెలుపునది, ఎక్కుట దిగుటల వేగమును తెలుపునది.

ఈ ఆరింటిలో మూడు కేవలము గాలి ఒత్తిడిపై పనిచేయును. రెక్క క్రింద ముందునకు నోరు తెరచిన చిన్న గొట్టమొకటి ఉండును. 1732లో సేన్ నదీ ప్రవాహపు వేగమును కొలుచుటకు ఇట్టి గొట్టమును కనిపెట్టిన ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ పీటో పేరనే దానిని నేటికిని పీటో గొట్టమందురు. ఎదురుగాలి దానిలో దూరి కలిగించు ఒత్తిడికిని, విమానపు ప్రక్కనున్న సన్నని రంధ్రము వద్ద గల మామూలు ఒత్తిడికిని ఉన్న భేదమే వేగము. ఎత్తుమాపకములో గాలి తీసివేసి మూసిన పలుచని లోహపు డబ్బీలు ఉండును. పైకి పోయిన కొలది వెలుపలి ఒత్తిడి తగ్గి అవి ఉబ్బును. ఆ ఉబ్బు చిన్న పళ్ళచక్రముల ద్వారా ముల్లును త్రిప్పును. ఇందులో విద్యుత్తు లేదు, చమురు లేదు. ఇంజను ఆగినను ఇవి పనిచేయుచునే యుండును.

మిగిలిన మూడును బొంగరములు. వేగముగా తిరుగు బొంగరము తన ఇరుసు నిలిచిన దిక్కును సులభముగా విడువదని పిల్లలందరికిని తెలియును. కృత్రిమ క్షితిజములో అట్టి బొంగరమునకు ఒక గీతను జతపరచి, విమానము ఎటు ఒరిగినను గీత మాత్రము నిజమైన క్షితిజముతో సమముగా నిలుచునట్లు చేసిరి. దిక్కును తెలుపు పరికరములోనిది మరియొక బొంగరము. ఇరుసు రాపిడి వలనను, భూమి తిరుగుట వలనను అది మెల్లగా దారి తప్పును గనుక, పదునైదు నిమిషములకు ఒకసారి అయస్కాంతపు దిక్సూచిని చూచి దానిని సరిదిద్దవలెను. మలుపును తెలుపు బొంగరము సాధారణముగా విద్యుత్తుతో తిరుగును. తక్కిన రెండింటిని త్రిప్పునది గాలి. ఇంజనునకు తగిలించిన చిన్న పంపు, కొబ్బరిబొండమునుండి గొట్టముతో నీరు పీల్చినట్లు, ఆ పరికరముల పెట్టెలనుండి గాలిని పీల్చును. ఆ వెలితిని నింపుటకై వెలుపలి గాలి సన్నని రంధ్రము గుండ లోనికి దూసుకొనివచ్చి, బొంగరపు అంచున గల గంటులను కొట్టి, నీటిచక్రమువలె దానిని నిమిషమునకు వేలకొలది చుట్లు త్రిప్పును.

ఈ పంపే పాత ఫలకమునకు ప్రాణము. దాని బలహీనతయు ఇదియే. చాల విమానములలోని పంపులకు చమురు ఉండదు. లోపల తిరుగు గ్రాఫైటు రేకులు తమ పొడితో తామే మెత్తబరచుకొనుచు అరుగును. అరిగి అరిగి ఒకనాడు చెప్పకుండ విరుగును. విరిగిన క్షణమున చప్పుడు లేదు; ఇంజను మామూలుగనే నడచుచుండును. పీల్పు ఎంత యున్నదో చూపు చిన్న ముల్లొకటి ఫలకపు మూలలో ఎక్కడనో ఉండును గాని, మేఘములో చెమటలు పట్టియున్న చోదకుడు ఆ మూలకు చూచుట అరుదు. ఇంతవరకు జరిగినది ప్రమాదము కాదు. ప్రమాదమంతయు తరువాతి కొద్ది నిమిషములలో కలదు. పంపు ఆగినను బొంగరము వెంటనే ఆగదు. వేగము క్రమముగా తగ్గి, తూలుట మొదలిడి, క్షితిజపు గీతను వెంట్రుకవాసిగా ఒక ప్రక్కకు వంచును. చోదకుడు తన విమానమే ఒరిగినదనుకొని గీతకు అనుగుణముగా విమానమును వంచును. గీత మరికొంత వంగును. అతడును మరికొంత వంచును. ముళ్ళ పరికరము పనిచేయుట మానినప్పుడు “నేను చెడిపోయితిని” అని చెప్పదు. కడవరకు అబద్ధమునే చూపుచు పోవును.

ఇట్టి స్థితి ఎంత కఠినమైనదో 2000 అక్టోబరు 16వ తేదీ రాత్రి మిస్సోరీ రాష్ట్రమున కనబడెను. ఆ రాష్ట్రపు గవర్నరు మెల్ కార్నహాన్, ఆయన కుమారుడు, ఒక సహాయకుడు పయనించుచున్న రెండు ఇంజనుల సెస్నా 335 వానలో, చీకటిలో కూలి ముగ్గురును మరణించిరి. చోదకుడైన కుమారుడు తన ఎదుటనున్న కృత్రిమ క్షితిజము సరిగా లేదనియు, కుడిప్రక్కనున్న రెండవదానిని చూచి నడుపుచున్నాననియు నేలమీదివారికి రేడియోలో చెప్పెను. పరికరము చెడిన సంగతి అతడు కనుగొననే కనుగొనెను. అయినను నేరుగా ఎదుట అబద్ధము చూపుచున్నదానిని విడిచి, మెడ త్రిప్పి ప్రక్కదానిని చూచుచు, కుదుపులలో విమానమును నిలుపుట అతనికి సాధ్యము కాలేదు. చోదకుడు దిక్కుతోచక అదుపు తప్పెననియు, పరికరము చెడుటయు వాతావరణమును దానికి తోడైనవనియు అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి నిర్ణయించెను.

కొత్త తెరల విషయమునకు వత్తము. వీనిలో తిరుగు బొంగరము లేదు. దాని స్థానమున కంటికి కనబడనంత సన్నని సిలికాను పుల్లలు నిరంతరము కంపించుచుండును. కంపించుచున్న వస్తువును పట్టుకొని త్రిప్పినచో, ఆ కంపము కొద్దిగా ప్రక్కకు మళ్ళును. ఆ మళ్ళింపును విద్యుత్తుచే కొలిచినచో ఎంత వేగముగా తిరిగినదో తెలియును. మూడు దిక్కులకు మూడు ఇట్టి కొలతలు, మూడు దిక్కులలో కుదుపును కొలుచునవి మూడు, భూమి అయస్కాంత శక్తిని కొలుచునది ఒకటి. వీనియన్నిటి లెక్కలను సెకండునకు అనేక పర్యాయములు కలిపి, విమానము ఎట్లున్నదో కంప్యూటరు తేల్చును. చేతి ఫోనును అడ్డముగా త్రిప్పినప్పుడు దానిలోని బొమ్మయు తిరుగుట మనము ఎరిగినదే. ఆ ఫోనులోని కుదుపు కొలత ఈ జాతికి చెందినదే; విమానములోనిది మరింత నిక్కచ్చియైనది, కఠిన పరీక్షలకు నిలిచినది. పీటో గొట్టము, ప్రక్క రంధ్రము మాత్రము యథాస్థానముననే యుండును. లోహపు డబ్బీలకు బదులు వాని ఒత్తిడిని ఎలక్ట్రానిక్ కొలతలు గ్రహించును.

ఈ విధముగా తేలినదంతయు ఒక్క తెరపై కనబడును. పైభాగము నీలిరంగు ఆకాశము, క్రిందిభాగము గోధుమరంగు నేల. నడుమ క్షితిజము తెర ఈ కొసనుండి ఆ కొసవరకు. పాత పరికరములో చేతి గడియారమంత వెడల్పైన క్షితిజము ఇక్కడ జానెడు, అంతకు మించి. ఎడమప్రక్క వేగపు అంకెలు పట్టీవలె పైకి క్రిందికి జారును, కుడిప్రక్క ఎత్తు. రెండవ తెరపై దేశపటము. దానిపై కదలు చిన్న విమానపు బొమ్మ. ఉపగ్రహ సంకేతములచే తానున్న చోటు తెలియును గనుక, ముందున్న కొండలను కూడ చిత్రించి చూపు తెరలు కలవు. ఉపగ్రహ సంకేతములోని చిన్న తప్పులను నేలమీది కేంద్రముల సాయముతో సరిదిద్ది మరల అందించు ఏర్పాటు అమెరికాలో 2003లో ఆరంభమయ్యెను. మన దేశమున ఇస్రోయు, విమానాశ్రయముల ప్రాధికార సంస్థయు కలిసి నిర్మించిన గగన్ అను ఏర్పాటు ఇట్టిదే. 2022 ఏప్రిల్ నెలలో రాజస్థానులోని కిషన్‌గఢ్ విమానాశ్రయమున ఇండిగో వారి ఏటీఆర్ విమానమొకటి గగన్ సంకేతములను ఆధారముగా చేసికొని దిగెను. దిగుబాటుకు దారి చూపు ఖరీదైన రేడియో స్తంభములు లేని చిన్న విమానాశ్రయములకు ఇది గొప్ప మేలు.

2006 నాటికి అమెరికాలో కొత్తగా తయారగు చిన్న పిస్టను విమానములలో నూటికి తొంబదికి పైగా ఇట్టి తెరలతోనే బయటికి వచ్చుచుండెను. చిక్కంతయు పాతవానితో వచ్చెను. ధ్రువపత్రము పొందిన విమానములో ఒక మరను మార్చినను చట్టపు అనుమతి కావలెను. ఇంట తయారు చేసికొన్న ప్రయోగపు విమానములో చవకగా దొరకు మంచి తెరను, దాని ప్రక్కన నిలిచిన సెస్నాలో పెట్టుటకు వీలులేని వింత పరిస్థితి చాలకాలము సాగెను. అనుమతి లేని కొత్తది కన్న, అనుమతి గల చెడిపోవు పంపే మేలన్నట్లుండెను వ్యవహారము. 2015లో అమెరికా విమానయాన శాఖవారు గాలి పంపుతో నడచు క్షితిజమునకు బదులు ఎలక్ట్రానిక్ పరికరమును పెట్టుటకు దారి సులభము చేసిరి. 2016లో ప్రయోగ విమాన సంఘమువారి పూనికతో డైనాన్ సంస్థ తయారుచేసిన చిన్న తెరకును, అదే సంవత్సరమున గార్మిన్ సంస్థవారి జి5 అను తెరకును పాత సెస్నాల వంటి విమానములలో ప్రవేశము దొరికెను. పాత క్షితిజము తీసిన గుండ్రని కంతలోనే జి5 ఇమిడిపోవును. 2020 జనవరి 1 నుండి అమెరికా గగనతలపు పెక్కు భాగములలో ప్రతి విమానమును తానున్న చోటును తానే రేడియోలో ప్రకటించుచు పోవలెనను నియమము అమలులోనికి వచ్చుటచే, ఎట్లును ఫలకము విప్పవలసిన యజమానులు పనిలో పనిగా ముళ్ళను కూడ మార్పించుకొనిరి.

మార్పుపని చెప్పినంత తేలిక కాదు. ఫలకము వెనుక చేయి పెట్టినచో ఏబది ఏండ్ల తీగలు చిక్కులు పడియుండును. ఎప్పుడో తీసివేసిన రేడియోల తీగలు ఏ కొనకును అంటక వ్రేలాడుచుండును. వానిని ఊడదీసి, కొత్త అల్యూమినియపు పలకను కోసి, పంపును గొట్టములను తొలగించి, అయస్కాంతపు కొలతను ఇనుపమేకులకును దీపపు తీగలకును దూరముగా రెక్కలో ఎక్కడనో అమర్చవలెను. పోయిన బరువెంత, వచ్చిన బరువెంత, విమానపు తూకము ఎచ్చట నిలిచినదో మరల లెక్క కట్టవలెను. విద్యుత్తు ఖర్చును లెక్క కట్టవలెను. ఒత్తిడి గొట్టములలో గాలి కారుట లేదని పరీక్షింపవలెను. ఇన్ని చేయించగా, పాత విమానమును కొన్న ధరకు ఫలకపు ఖర్చు సమీపించుట కలదు. నా అభిప్రాయమున, వారాంతములలో మాత్రమే ఎగురు యజమానికి ఫలకమంత పెద్ద తెర కన్న, ఒకటి చెడినచో రెండవది దాని పనిచేయగల రెండు చిన్న తెరలు మేలు.

కొత్త తెర గొప్పతనము దాని రంగులలో లేదు. కంప్యూటరు తన కొలతలను తానే ఎప్పటికప్పుడు సరిచూచుకొనును. లెక్క కుదరనిచో క్షితిజమును తుడిచివేసి ఆ స్థానమున పెద్ద ఎర్రని అడ్డగీతల గుర్తు వేయును. పాత బొంగరము ఎన్నడును చేయని పని ఇది. ఏమియు చూపకుండుట అబద్ధము చూపుట కన్న ఎంతో నయము. చోదకుడు వెంటనే రెండవ తెరకు చూపు మరల్చును.

అయితే తెరకు తెలియని సంగతులును కలవు. మొదటిది విద్యుత్తు. పాత ముళ్ళు విద్యుత్తు పోయినను చాలవరకు పనిచేసినవి. తెరకు విద్యుత్తు లేనిచో అది నల్లని గాజుపలక. అందుచేతనే జి5 వంటివానికి సుమారు 4 గంటలు నిలుచు సొంత బ్యాటరీని జతపరచుకొను వీలు కల్పించిరి. రెండవది పీటో గొట్టము. మట్టితో గూడు కట్టు కందిరీగకు సన్నని గొట్టము కంటె ప్రియమైన చోటు లేదు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్తో ప్లాతానుండి బయలుదేరిన బోయింగు 757 విమానమొకటి సముద్రమున కూలి 189 మంది మరణించిరి. ఒక పీటో గొట్టము మూసుకొనిపోయి వేగపు అంకెలు తప్పుగా కనబడినవి; ఇది కందిరీగ గూటి పని యని విచారణ చేసినవారి అనుమానము. తెరలు గల పెద్ద విమానమది. తనకు అందిన ఒత్తిడి నిజమో, మట్టి వలన వచ్చినదో తెరకు తెలియదు. అందుచేత బయలుదేరుటకు ముందు గొట్టపు ముసుగు తీసి, నోరు తెరచియున్నదో లేదో వంగి చూచు పాత పని ఏ తెర వచ్చినను తప్పదు.

మూడవది అన్నిటికంటె పెద్దది. అది చోదకుని కన్ను. 1959 ఫిబ్రవరి 3న అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి అయోవా రాష్ట్రమున ఒక బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా విమానము మంచువేళ కూలిపోయెను. అందలి ప్రయాణికులు అమెరికా రేడియో శ్రోతలు అభిమానించిన గాయకులు బడ్డీ హాలీ, రిచీ వాలెన్స్, జె. పి. రిచర్డ్‌సన్. చోదకుడు 21 ఏండ్ల యువకుడు. పరికరములపై మాత్రమే ఆధారపడి నడుపుటకు అతనికి అర్హతాపత్రము లేదు. విచారణలో మరియొక సంగతి బయటపడెను. అతడు నేర్చుకొన్నది మామూలు కృత్రిమ క్షితిజముపై. ఆ విమానములో ఉన్నది స్పెర్రీ ఎఫ్3 అను మరియొక రకము. ముక్కు పైకెత్తుట, దించుట అను వానిని అది మామూలుదానికి సరిగా తలక్రిందులుగా చూపును. పరికరము చెడలేదు, అబద్ధమును చెప్పలేదు. దాని భాష వేరు. చీకటిలో, మంచులో, దిగుచున్న విమానము ఎక్కుచున్నదని చోదకుడు చదువుకొనియుండవచ్చునని విచారణాధికారులు భావించిరి. ప్రమాదమునకు తోడ్పడిన కారణములలో ఆ పరికరముతో పరిచయము లేకపోవుటను కూడ చేర్చిరి.

ఫలకము మార్చుకొను ప్రతి యజమానియు ఈ వృత్తాంతమును ఒకసారి చదువుట మంచిది. ఇరువది ఏండ్లు ముళ్ళను చూచినవాడు ముల్లు సూచించు అంకెను చదువడు. ముల్లు వంపును చూచును. ఇంటి గోడ గడియారమును మనము చూచునదియు అట్లే. పదింబావు అని అంకెలు కూడగట్టుకొనకయే తెలియును. జారు పట్టీపై అట్టి వంపు లేదు. అంకెను చదువవలెను, లేదా అంకె ప్రక్కన కదలు చిన్న గీతను చూచుట కొత్తగా నేర్వవలెను. దానికి తోడు ఒక్కొక్క మీట వెనుక నాలుగేసి పుటల జాబితాలు దాగియుండును. కొత్త రేడియో కొన్న ఇంటిలో దానితో వచ్చిన చిన్న పుస్తకము అట్టపెట్టెలోనే మిగిలిపోవుట మామూలే. మీటలు అటునిటు త్రిప్పగా త్రిప్పగా స్టేషను దొరకును. రెండువేల అడుగుల ఎత్తున, మేఘములో, ఒక చేత విమానమును పట్టుకొని రెండవ చేత మీటలు త్రిప్పుచు నేర్చుకొనుటకు వీలులేదు. తల వంచి తెరలో వెదకు సెకండ్లను పైన చెప్పిన 178 నుండియే తీసివేయవలెను.

ఇది వట్టి ఊహ కాదు. 2010లో రవాణా భద్రతా మండలివారు, 2002 నుండి 2006 వరకు తయారైన 8,000కు పైగా చిన్న విమానముల చరిత్రను పరిశీలించిరి. ఒకే కాలమున తయారైనవానిలో కొన్నిటికి ముళ్ళు, కొన్నిటికి తెరలు. తెరలు గలవానికి మొత్తము ప్రమాదముల రేటు తక్కువ. ప్రాణనష్టము కలిగించిన ప్రమాదముల రేటు మాత్రము ఎక్కువ. తెరల విమానములను దూరప్రయాణములకు, చెడు వాతావరణమునకు ఎక్కువగా వాడిరనుట కొంత నిజము. మబ్బు పట్టినను భయము లేదను ధైర్యమును తెర ఇచ్చును. ఆ ధైర్యమునకు తగిన అభ్యాసమును అది ఇవ్వలేదు. తెరల చోదకులకు ఆయా పరికరమునకు తగిన ప్రత్యేక శిక్షణయు పరీక్షయు ఉండవలెనని మండలివారు విమానయాన శాఖకు సిఫారసు చేసిరి.

శిక్షకులకును కొత్త కష్టము వచ్చెను. ముళ్ళ కాలమున పరికరము చెడుటను అభ్యసింపజేయుట అతి సులభము. గుండ్రని రబ్బరు బిళ్ళనొకదానిని క్షితిజముపై అంటించి, “ఇది పోయినది, ఇక నడుపుము” అనెడివారు. తెరలో ఒక మూల చెడి, మరియొక మూల పనిచేయుటను బిళ్ళతో చూపుట ఎట్లు? తెర వెలుగును పూర్తిగా తగ్గించి నల్లగా చేయవచ్చును గాని, నిజముగా చెడునప్పుడు తెర ఎల్లప్పుడును అంత సూటిగా చెడదు. అందుచేత నేలమీదనే, అదే రకపు తెరతో, కంప్యూటరుపై ఎర్రగీతల అభ్యాసము చేయించుట ఉత్తమము. ఫలకమునకై అంత ద్రవ్యము పోసిన యజమాని శిక్షకునకు ఇచ్చు నాలుగు గంటల రుసుమునకు వెనుదీయుట ఎందుకో నాకు బోధపడదు. ఇల్లినాయ్ పరీక్షలో మొదట ఓడిన ఆ ఇరువదిమందియు, తరువాత కొలది గంటల క్రమమైన శిక్షణ పొంది, మేఘములోనుండి వెనుకకు తిరిగి బయటపడు విద్యను నేర్చుకొనిరి. వారికి కొత్త పరికరములేవియు ఇయ్యలేదు.

తెరలు అమర్చిన తరువాతను ఎదుటి అద్దము వద్ద ఒక పాత వస్తువు మిగిలియుండును. అది కిరోసిను వంటి ద్రవములో తేలు అయస్కాంతపు దిక్సూచి. దానికి విద్యుత్తు అక్కరలేదు, పంపు అక్కరలేదు. చట్టము దానిని ఉంచవలెననును. కొత్త తీగలలోని విద్యుత్తు దానిని ప్రక్కకు లాగును గనుక, విమానమును విమానాశ్రయపు నేలపై గీసిన దిక్కుల చక్రము మీదికి తోసికొనిపోయి, ఇంజనును నడిపించి, తెరలన్నియు వెలిగించి, ముప్పదేసి డిగ్రీలకు ఒకసారి త్రిప్పుచు దిక్సూచి ఎంత తప్పుచున్నదో చూతురు. ఆ తప్పులను మెకానిక్కు ఒక చిన్న చీటిపై చేతితో వ్రాసి, తేదీ వేసి, దిక్సూచి క్రింద బిగించును.